తీగలు లేని పియానో

మా ఇంటికి పియానో వచ్చింది. వచ్చిందంటే నలుగురు మనుషులు తాళ్ళు కట్టి మోసుకువచ్చారనుకునేరు! అటువంటిదేమీ జరగలేదు. మాది రాజమండ్రిలో అద్దె ఇల్లు, మూడో అంతస్తు. బీరువా పైకి చేర్చడానికే భీమసేనుడి అంశవాళ్ళు కావలసివచ్చింది. ఈ పియానో మాత్రం 2023 దసరా సెలవుల్లో ఒక రాత్రి, ఇంటిల్లపాదీ నిద్రపోతూ వుండగా ఇంటర్నెట్టు తీగ వెంట చప్పుడు లేకుండా దిగి, తెల్లవారేసరికి మా అబ్బాయి కంప్యూటరులో కూర్చుంది.

కాలేజీలో తెలుగు చెప్పుకునేవాడికి పియానో గొడవ దేనికని పాఠకులు అడగవచ్చు. అడగవలసిన మాటే. పియానో అనగానే నాకు గుర్తుకువచ్చేది పాత సినిమాల్లోని జమీందారుగారి మేడ, అందులో కథానాయిక పుట్టినరోజు, నల్లటి పెద్ద పియానో ముందు సూటు వేసుకుని కూర్చుని ఓరచూపులతో పాడే కథానాయకుడు. అంతకు మించి నాకు దానితో పరిచయం లేదు. మా ఆవిడకు వుంది.

ఆమె చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. చదువుకున్న కాన్వెంటులో ఒక సిస్టరు దగ్గర ఆరేళ్ళపాటు పియానో నేర్చుకుంది. బడి చదువు పూర్తయింది. పియానో బడిలోనే వుండిపోయింది. ఆ తరువాత కాలేజీ, పెళ్ళి, సంసారం. ఇరవై ఏళ్ళ కాపురంలో ఆమె పియానో ఊసు ఎత్తినది రెండు మూడు సార్లకంటె లేదు. అయితే ఒక సంగతి నేను రోజూ చూస్తూనే వున్నాను. వంటింట్లో కుక్కరు మూడో కూత వేసేదాకా గట్టుమీద ఆమె వేళ్ళు మెల్లగా కదులుతూ వుండేవి. అదేదో అలవాటు కాబోలు అనుకున్నాను. చూస్తూ కూడా చూడకపోవడమంటే ఇదే!

మా అబ్బాయి డిగ్రీ చదువుతూ, స్నేహితులు తీసే చిన్న చిన్న సినిమాలకు ఇంట్లోనే పాటలు కడుతూ వుంటాడు. వాడికి పియానో నాదం కావలసివచ్చింది. నిజమైన పియానో మావంటివాళ్ళకు అందేది కాదు. కచేరీలలో వాడే స్టైన్‌వే డి రకం పియానో పొడవు 274 సెంటీమీటర్లు, బరువు 480 కిలోలు. లోపల రెండు వందలకు పైగా తీగలు, అన్నీ కలిసి లాగే లాగుడు ఇరవై టన్నుల దాకా వుంటుంది. గోడవార నిలబెట్టే చిన్నరకమైనా మా మేడమెట్లు ఎక్కేది కాదు. పైగా గోదావరి ఒడ్డున తేమగాలికి చెక్క ఉబ్బుతుంది, శ్రుతి తప్పుతుంది. సరిచేసేవాడికోసం ఏ చెన్నపట్నమో కబురు పెట్టుకోవాలి.

అంచేత స్కూటరు మార్చుదామని దాచిన డబ్బులోంచి, ఊరు విడిచి వెళుతున్న ఒకాయన దగ్గర ఎనభై ఎనిమిది మెట్ల కీబోర్డు ఒకటి కొన్నాం. మెట్లు పియానో మెట్లలాగే బరువుగా వున్నాయి గాని, దాని సొంత గొంతు మాత్రం రేకు డబ్బా. ఆ మెట్లకు మంచి గొంతు ఇచ్చేది కంప్యూటరులోని ప్రోగ్రాము. దాన్ని ఎంచుకునే బాధ్యత, డబ్బు ఇచ్చేవాణ్ణి గనుక, నేను తీసుకున్నాను. అక్కడే వచ్చింది చిక్కు.

గిగాబైట్ల మోజు

పట్టుచీర బరువు చూసి కొన్నట్టు నేను ప్రోగ్రామును గిగాబైట్లు చూసి కొన్నాను. ఎంత పెద్దదైతే అంత నిజమని నా లెక్క. ప్రకటనలో మెరిసిపోతున్న పియానో బొమ్మ, మహా విద్వాంసుడెవరో వాయించిన మాదిరి పాట. విని పరవశుణ్ణయి డబ్బు కట్టేశాను. ఒకసారి దించుకున్నాక వెనక్కి తీసుకోమన్న షరతు కొన్నాక చదివాను.

మర్నాడు సాయంత్రం మా ఆవిణ్ణి పిలిచి కీబోర్డు ముందు కూర్చోబెట్టాం. చీరకొంగుతో చేతులు తుడుచుకుని, సిగ్గుపడుతూ కూర్చుంది. చిన్నప్పటి పాఠమేదో మొదలుపెట్టింది. నాలుగు స్వరాలు వెళ్ళేసరికి ఆగింది. మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ తడబడింది. మధ్యలో చిటపటమని వేరుసెనగకాయలు వేయించినట్టు చప్పుళ్ళు. మూడోసారి చేతులు తీసి వొళ్ళో పెట్టుకుంది.

"నా వేళ్ళు పాడైపోయాయండీ. పాతికేళ్ళయింది గదా, ఇంక రాదు" అని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు చూస్తే కీబోర్డుమీద దుప్పటి కప్పి వుంది.

ఆ దుప్పటి నన్ను బాధించింది. డబ్బు పోయినందుకు కాదు. తప్పు వేళ్ళదో, వస్తువుదో తెలియకుండానే ఆమె తప్పు తనమీద వేసుకుంది. "అమ్మ తప్పు కాదు నాన్నగారూ, మెట్టు నొక్కాక నాదం ఆలస్యంగా వస్తోంది" అన్నాడు మా అబ్బాయి. అప్పటినుంచి నెల రోజులపాటు నేను ఈ విద్యకు విద్యార్థినయ్యాను. ఆ నేర్చుకున్నదే ఇక్కడ చెబుతున్నాను.

నిఘంటువూ, వ్యాకరణమూ

పియానోను కనిపెట్టినవాడు ఇటలీ దేశపు ఫ్లారెన్సు నగరంలో వుండిన బార్తలోమియో క్రిస్తోఫొరీ. కాలం 1700 ప్రాంతం. అంతకు ముందున్న హార్ప్సికార్డులో మెట్టు ఎలా నొక్కినా తీగ ఒకే తీరున మీటబడేది. ఈయన మీటడానికి బదులు చిన్న సుత్తితో కొట్టించాడు. మెల్లగా నొక్కితే మెల్లగా, గట్టిగా నొక్కితే గట్టిగా పలుకుతుంది. ఇటాలియను భాషలో పియానో అంటే మెల్లగా, ఫోర్తే అంటే గట్టిగా. ఆ రెండూ చేయగలది గనుక పియానోఫోర్తే అని పేరు వచ్చి, వాడుకలో పియానో మిగిలింది. అంటే ఈ వాద్యం ప్రాణమంతా వేలి వొత్తిడిలో వుందన్నమాట. కంప్యూటరు పియానో గెలిచినా ఓడినా అక్కడే.

ఇప్పుడు దొరికే ప్రోగ్రాములు ప్రధానంగా రెండు జాతులు.

మొదటి జాతి, నిజమైన పియానోలో ఒక్కొక్క మెట్టునూ మెల్లగా, కొంచెం గట్టిగా, ఇంకా గట్టిగా నొక్కి, మైకులు పెట్టి రికార్డు చేసి దాచుకున్నది. మనం మెట్టు నొక్కినప్పుడు దానికి తగిన రికార్డు తీసి వినిపిస్తుంది. ఎనభై ఎనిమిది మెట్లు, ఒక్కొక్కదానికి పదహారు అంతరువులు అనుకుంటే 1408 రికార్డులు. పెడలు తొక్కినప్పటి నాదం, మెట్టు వదిలినప్పటి చప్పుడు వేరే. అందుకే వీటికి అంత స్థలం. స్పెక్ట్రసానిక్స్ సంస్థవారి కీస్కేప్ అనేది ముప్ఫై ఆరు రకాల మెట్ల వాద్యాలతో దాదాపు 77 గిగాబైట్లు ఆక్రమిస్తుంది. ఉచితంగా దొరికేవీ వున్నాయి. సాలమాండర్ అనేది యమహా సి5 పియానోను పదహారు అంతరువులలో రికార్డు చేసినది. మూడు మెట్లకు ఒకటి చొప్పున రికార్డు చేసి, నడిమివాటిని శ్రుతి జరిపి సృష్టించారు. చిల్లిగవ్వ ఇవ్వనక్కరలేదు.

ఈ పద్ధతి మరీ నిన్నటిది కాదు. ప్రసిద్ధ గాయకుడు స్టీవీ వండర్ ప్రోద్బలంతో రే కర్జ్‌వైల్ తయారుచేసిన కర్జ్‌వైల్ 250 వాద్యం 1984లోనే వచ్చింది. పియానో నాదాన్ని జ్ఞాపకంలో దాచుకుని పలికే పరికరాలలో పేరుపొందిన తొలితరం వాద్యాలలో అదొకటి.

రెండో జాతి ఏ రికార్డూ దాచుకోదు. సుత్తి బరువెంత, తీగ పొడవెంత, చెక్క ఎలా కంపిస్తుంది అన్నవాటిని గణితసూత్రాలుగా పెట్టుకుని, మనం నొక్కిన క్షణంలోనే లెక్క కట్టి నాదాన్ని పుట్టిస్తుంది. ఫ్రాన్సులోని టూలూజు నగరానికి చెందిన మోడార్ట్ సంస్థవారి పియానోటెక్, 2006లో వెలువడినది, ఈ జాతిది. దాని మూలపురుషుడు ఫిలిప్ గియోమ్ గణితశాస్త్రజ్ఞుడు; పియానోలు శ్రుతిచేసే పనిలో ఆరితేరినవాడు కూడా. రెండు విద్యలూ ఒకచోట కలవడంవల్ల పుట్టిన బిడ్డ అది. గిగాబైట్లతో పనిలేదు. యాభై మెగాబైట్ల సుమారులో ఇమిడిపోతుంది.

నా భాషలో చెప్పాలంటే మొదటిది నిఘంటువు, రెండోది వ్యాకరణం. నిఘంటువులో వున్న మాట నిక్కమైన మాటే. లేని మాట కావాలంటే మాత్రం దిక్కు తోచదు. వ్యాకరణం సూత్రాలు చేతికిచ్చి ఎన్ని రూపాలైనా సాధించుకోమంటుంది. కాని సూత్రంతో సాధించిన రూపానికి నలుగురి నోళ్ళలో నలిగిన మాట కమ్మదనం ఒక్కొక్కప్పుడు రాదు. ఫలానా గదిలో ఫలానా పియానో పలికిన పలుకు కావాలంటే రికార్డు జాతి. వేలి కదలికకు, పెడలు తొక్కుడుకు ఎడతెగకుండా స్పందించాలంటే గణిత జాతి. రెంటిలో ఏది గొప్పదన్న వాదం తెగేది కాదు, తెగనక్కరా లేదు.

వీధి చివరి పియానో

ఇక ఆలస్యం సంగతి. కంప్యూటరు నాదాన్ని సెకనుకు 44,100 చుక్కలుగా తయారుచేస్తుందనుకోండి. చుక్కను చుక్కగా కాక, గుత్తులు కట్టి పంపుతుంది. గుత్తికి 1024 చుక్కలైతే గుత్తి నిండడానికే సెకనులో వెయ్యింట ఇరవైమూడు వంతులు పడుతుంది. 128 చుక్కలైతే మూడు వంతులే. దీనికి తోడు, విండోసు కంప్యూటర్లలో శబ్దం మామూలు దారిన వెళితే ఇంకా ఆలస్యం. ఎసియో అనే అడ్డదారి వుంది. సంగీతం చేసుకునేవాళ్ళు ఆ దారినే పోవాలి.

వెయ్యింట పది వంతుల ఆలస్యమంటే, గాలిలో శబ్దవేగం లెక్కన, పియానో మనకు మూడున్నర మీటర్ల దూరంలో వున్నట్టు. వేళ్ళు దానికి సర్దుకుంటాయి. వెయ్యింట వంద వంతులైతే పియానో ముప్ఫై నాలుగు మీటర్ల అవతల, మా వీధి చివర రామాలయం దగ్గర వున్నట్టు! మెట్లు మా ఇంట్లో, తీగలు గుడి దగ్గర. ఎవరి వేళ్ళు తడబడవు? మేము చేసిన ఇంకో తెలివితక్కువ పని, మా ఆవిడకు తీగలేని బ్లూటూతు హెడ్‌ఫోను తగిలించడం. అది తన వంతు ఆలస్యాన్ని దానికి చేర్చింది.

చిటపటలకు కారణం వేరు. పెద్ద రికార్డు ప్రోగ్రాములు ప్రతి నాదానికీ మొదటి తునకను మాత్రమే మెమరీలో వుంచుకుని, మిగతాది డిస్కునుంచి అప్పటికప్పుడు చదువుకుంటాయి. మాది తిరిగే పాతరకం డిస్కు. పంక్తిలో నూరుగురు కూర్చుంటే ఒక్కడు వడ్డించినట్టుంది దాని పని. ఎస్.ఎస్.డి. రకం డిస్కు వుంటే ఆ బెడద చాలావరకు తప్పుతుంది. కనుక ప్రోగ్రాము ధర అడిగేముందు మన కంప్యూటరు తాహతు అడగాలి. అది నేను అడగలేదు.

చెవి పెట్టవలసిన పరీక్షలు

ప్రకటనలోని మాదిరి పాట విని కొనకండి. ఆ వేళ్ళు మనవి కావు. మాదిరి ప్రోగ్రాము దించుకుని, కొనేవారు కాదు, వాయించేవారు కూర్చుని ఈ పరీక్షలు చెయ్యాలి.

మొదటిది: నడిమి మెట్టు ఒకటి పట్టుకుని అతి మెల్లగా మొదలుపెట్టి, ఇరవైసార్లు క్రమంగా గట్టిగా నొక్కండి. నిజమైన పియానోలో చప్పుడొక్కటే కాదు, నాదం రంగు కూడా మారుతుంది. మెల్లగా వున్నప్పుడు మెత్తన, గట్టిగా వున్నప్పుడు మెరుపు. ఆ మార్పు జారుడుగా రావాలి. మేడమెట్లెక్కినట్టు అంగలు వినిపించకూడదు.

రెండవది: అట్టడుగు మెట్టు నొక్కి, వదలకుండా అది చచ్చిపోయేదాకా వినండి. నాదం తనంతట తాను సన్నగిల్లాలి. మధ్యలో తెగినా, చేసిందే మళ్ళీ చేస్తున్నట్టు వినిపించినా లోపమే.

మూడవది: ఒక మెట్టును చప్పుడు కాకుండా నొక్కి పట్టుకుని, దాని కింది స్థాయిలోని అదే స్వరాన్ని ఠక్కున కొట్టి వదలండి. మొదటి మెట్టు తీగ తాకకుండానే సన్నగా మోగాలి. ఒక తీగ పాడితే తోడితీగ ఊఁ కొట్టడం పియానో స్వభావం. ఈ ఊఁకారం లేని ప్రోగ్రాము ఒంటరి పియానోకు పనికిరాదు.

నాలుగవది: ఒకే మెట్టును ఒకే వొత్తిడితో గబగబా పదిసార్లు కొట్టండి. టపటపమని అచ్చు గుద్దినట్టు వినిపిస్తే మనస్సు విరిగిపోతుంది.

ఐదవది: పెడలు సగమే తొక్కి చూడండి. కొన్ని పెడళ్ళకు తొక్కడం, వదలడం తప్ప నడిమి స్థితి తెలియదు. ప్రోగ్రాముకు తెలిసినా పెడలుకు తెలియకపోతే లాభం లేదు.

ఇంకొక్క మాట. మెట్టు వేగాన్ని కీబోర్డు ఒకటి నుంచి 127 వరకు అంకెగా చెబుతుంది. మీ వేలి మెత్తదనానికి కీబోర్డు ఏ అంకె చెబుతుందో, ఆ అంకెకు ప్రోగ్రాము ఎంత పలుకుతుందో సర్దుకునే వంపుగీత ఒకటి చాలా ప్రోగ్రాముల్లో వుంటుంది. కొత్త చెప్పులు కాలికి సర్దుకున్నట్టు దాన్ని సర్దుకోకుండా ప్రోగ్రామును తిట్టడం అన్యాయం.

పాటకు తగ్గ పియానో

వాయించుకోవడానికి మంచిదే పాటలో ఇమడడానికి కూడా మంచిదనుకోవడం ఇంకో పొరపాటు. మా అబ్బాయి ఒక పాటలో వేణువు, తబలా, గాత్రంతోబాటు నేను కొన్న మహా పియానోను పెట్టాడు. పెళ్ళిపందిట్లో మేనమామలా అది అంతా తానే అయి కూర్చుంది. మంద్రస్వరాలు తబలాను మింగేశాయి, గది ప్రతిధ్వని గాత్రాన్ని కప్పేసింది. ఉచితంగా వచ్చిన సాలమాండరును తెచ్చి, అడుగు స్వరాలు తగ్గించి, ప్రతిధ్వని తగ్గిస్తే హాయిగా ఒదిగిపోయింది. ఒంటరిగా వింటే అది పేదగానే వుంటుంది. పాటలో మాత్రం దాని మర్యాద దానిది.

మన సంగీతానికి పియానో పరిమితి కూడా చెప్పాలి. మాయామాళవగౌళ స్వరాలు దాని మెట్లమీద దొరుకుతాయి, సరళీవరసలు వాయించుకోవచ్చు. కాని స్వరానికీ స్వరానికీ మధ్య జారే గమకం దొరకదు. ప్రోగ్రామును నిందించి లాభం లేదు. తీగల పియానోకూ ఆ శక్తి లేదు.

నాలుగు మూగ మెట్లు

గుత్తిని 128కి తగ్గించి, ఎసియో దారి పట్టించి, తీగ వున్న హెడ్‌ఫోను తెచ్చి, పియానోటెక్ మాదిరి ప్రోగ్రాము దించి, ఒక ఆదివారం మధ్యాహ్నం దుప్పటి తీశాం. మా ఆవిడ రానంది. "నీ వేళ్ళకు కాదు పరీక్ష, దానికి" అన్నాను. వచ్చి కూర్చుంది.

మాదిరి ప్రోగ్రాము గదా, కొన్ని మెట్లు కావాలనే పలకకుండా చేసి వుంచారు. ఇరవై నిమిషాలకు ఆగిపోతుంది కూడా. ఆమె మెల్లగా కింది మెట్లనుంచి పైకి వాయించుకుపోతూ ఒక మూగ మెట్టు దగ్గర ఆగింది. ఇంకొంచెం పైకి పోయి ఇంకోటి. నా గుండె జారిపోయింది. ఆమె మాత్రం ఫక్కున నవ్వింది.

"మా బడి పియానోకీ సముద్రపుగాలికి నాలుగు మెట్లు పలికేవి కావండీ. సిస్టరు ఆ మెట్లు రాని పాఠాలే చెప్పేది" అంది.

తరువాత ఆ మూగ మెట్లను తప్పించుకుంటూ ఆనాటి పాఠం మొదలుపెట్టింది. తడబడింది. కాని ఈసారి ఆగలేదు. వెనక్కి వెళ్ళి సరిచేసుకుని ముందుకు సాగింది. తప్పు తనదైనప్పుడు మనిషి దిద్దుకోగలడు. తనది కాని తప్పును ఎలా దిద్దుకుంటాడు? ఇరవై నిమిషాలకు ప్రోగ్రాము నోరు మూసుకుంది. "అయ్యో" అని ఆమె మా అబ్బాయి వంక చూసింది. వాడు మళ్ళీ తెరిచాడు. ఆ మధ్యాహ్నం అలా నాలుగుసార్లు తెరిచాడు.

చివరికి ఆమెకోసం దాని చిన్నరకం కొన్నాం. అబ్బాయి పాటలకు ఉచిత పియానో చాలునన్నాడు. నేను ముందు కొన్న మహా పియానో ఏమయిందంటారా? ఆరు నెలల తరువాత కంప్యూటరుకు ఎస్.ఎస్.డి. డిస్కు వేయిస్తే అది దివ్యంగా పలికింది. దాని తప్పేమీ లేదు. పాత ఇంట్లోకి ఏనుగును తోలుకొచ్చింది నేను.

కనుక పాఠకులకు నా మనవి ఇంతే. మీ ఇంట్లో ఎవరైనా మెట్లమీదినుంచి చేతులు తీసేసి "నాకింక రాదు" అంటే వెంటనే నమ్మకండి. ముందు ఆలస్యం చూడండి, వొత్తిడి సర్దండి, డిస్కు చూడండి, తరువాత వాళ్ళ చేతనే పరీక్షలు చేయించి వాళ్ళ చెవినే అడగండి. గిగాబైట్లు చివర అడగవచ్చు.

మా ఇంట్లో ఇప్పుడు కుక్కరు కూతలు లెక్కపెట్టేది నేను. మూడు కూతలయ్యాక పొయ్యి కట్టేసి రమ్మని హాల్లోనుంచి కేక వస్తుంది. స్కూటరు మాత్రం ఇంకా పాతదే.